హైదరాబాదు స్క్వాడ్రను – ఒక వైమానికుని స్మృతి

1939 సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశమును యుద్ధములోనికి దింపెను. ప్రజాప్రతినిధులను ఆయన సంప్రదింపలేదు. నాడు మదరాసు రాజధానిలోని చుండూరు రైతునకుగాని, నిజాము రాజ్యములోని తెలంగాణపు రైతునకుగాని ఆ నిర్ణయములో పాలు లేదు. అయినను వారిని పాలించిన ఆ రెండు ప్రభుత్వముల పేర్లును బ్రిటిషు వైమానిక దళమున కెక్కినవి. 264వ స్క్వాడ్రనునకు మదరాసు రాజధాని పేరును, 110వ దానికి హైదరాబాదు పేరును విరాళముల మూలమున సంక్రమించెను. రెండవ స్క్వాడ్రనునకు చెందిన యొక వైమానికుని మరణమును, తత్స్మృతిని ఇచట విచారింతుము.

మొదటి ప్రపంచయుద్ధమున నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ స్క్వాడ్రనునకు డి.హెచ్. 9ఎ రకపు బాంబు విమానములను సమకూర్చెను. వానిపై దాత పేరు లిఖింపబడెను. 1918 సెప్టెంబరు మొదలు అవి ఫ్రాన్సునుండి బయలుదేరి జర్మను పట్టణములపై దాడులు సలిపెను.

ఆ స్క్వాడ్రనే 1939 సెప్టెంబరు 4న, అనగా యుద్ధము ప్రకటింపబడిన మరునాడే, విల్‌హెల్మ్స్‌హావెన్ చెంతనున్న జర్మను యుద్ధనౌకలపైకి వెడలెను. దాడికి కెన్నెత్ డోరన్ నాయకుడు. లక్ష్యమైన అడ్మిరల్ షీర్ నౌకకు కొన్ని బాంబులు తగిలియు ప్రేలవయ్యెను. 107, 110 స్క్వాడ్రనులనుండి పోయిన పది బ్లెన్‌హైము విమానములలో అయిదు తిరిగి రాలేదు. హైదరాబాదు స్క్వాడ్రను కోల్పోయినది ఒకటి. దానిని నడపినవాడు హెచ్. ఎల్. ఎమ్‌డెన్. అది ఎమ్‌డెన్ అను పేరుగల నౌకపైననే కూలెను. 1914 సెప్టెంబరు 22న మదరాసు రేవుపై గుండ్లు కురిపించి, ఆ నవంబరులోనే నాశమైన ఎమ్‌డెన్ పేరునే జర్మనులు ఈ క్రొత్త నౌకకు పెట్టిరి.

ఈ నామసామ్యమే ఆ యువకుని పేరును యుద్ధచరిత్రలలో నిలిపినది. అదే విమానమున అసువులు బాసిన గ్రాసీ, ఆటీ, ఎవాన్సుల పేర్లు అంతగా వినరావు. త్యాగము సమానమైనను స్మృతి సమానము కాదనుటకు ఇది నిదర్శనము.

1918 అక్టోబరు 5న జర్మనులకు చిక్కిన ఎఫ్ 1010 సంఖ్యగల హైదరాబాదు విమానము బెర్లిను ప్రదర్శనశాలకును, పిమ్మట పోలండునకును చేరి, 1977లో ఇంగ్లండునకు మరలి వచ్చెను. లండనులోని వైమానిక దళ ప్రదర్శనశాలలో నిజాము దానమును చెప్పు వ్రాతతో నేడును నిలిచియున్నది. ఆ ధనము రాజ్యపు ఖజానాది యైనను, ప్రభువు సొంత సర్ఫెఖాసుది యైనను, రైతు చెల్లించిన శిస్తే దానికి ముఖ్యాధారము. ఆ రైతు పేరు ఏ రెక్కపైనను లేదు.

ఎమ్‌డెన్ తెలుగువాడు కాడు. అతనిని మనవానిగా చెప్పుకొనుట మా యుద్దేశము కాదు. దానశాసనమును చదువునపుడు దాత బిరుదులతో తృప్తి చెందక, ఆ ద్రవ్యము ఏ గ్రామపు పన్నునుండి వచ్చెనో వెదకుట మన పరిశోధకులకు పరిపాటియే. విమానముపై వ్రాతయు ఒక దానశాసనమే. దానిని అట్లే చదివిననాడు, దాత వెనుక శిస్తు కట్టిన రైతును, ఎమ్‌డెన్ వెనుక ఆ మువ్వురును మనకు కానవత్తురు.