‘సిటిజన్’ గడిలో టిక్ పెట్టేముందు…

కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఐ-9 ఫారంలో 4 గడులు ఉంటాయి. మొదటిది అమెరికా పౌరులది, మూడోది గ్రీన్‌కార్డు ఉన్నవారిది. హెచ్-1బీ, ఓపీటీ వాళ్లు టిక్ పెట్టాల్సింది నాలుగోదానిలో. తొందరలో మొదటి గడిలో టిక్ పెడితే ఏమవుతుందో చాలామందికి తెలియదు.

ఫెడరల్ చట్టం ప్రకారం గరిష్ఠ జైలు శిక్షలు ఇవి:

• పౌరుడినని కావాలని అబద్ధం చెబితే: 3 ఏళ్లు
• ఓటరుగా నమోదు కావడానికి ఆ అబద్ధం చెబితే: 5 ఏళ్లు
• పౌరులు కానివారు ఫెడరల్ ఎన్నికల్లో ఓటేస్తే: ఏడాది
• వీసా మోసానికి: సాధారణంగా 10 ఏళ్లు
• అక్రమంగా పౌరసత్వం పొందితే: సాధారణంగా 10 ఏళ్లు, పౌరసత్వమూ రద్దవుతుంది

వీటికి జరిమానా అదనం.

అయితే జైలు కంటే పెద్ద దెబ్బ ఇమ్మిగ్రేషన్ వైపు నుంచి పడుతుంది. 1996 సెప్టెంబర్ 30 నుంచి, ఉద్యోగం, ఓటు వంటి ప్రయోజనం కోసం పౌరుడినని తప్పుగా చెప్పుకున్నవారికి గ్రీన్‌కార్డు దారి దాదాపు శాశ్వతంగా మూసుకుపోతుంది. అమెరికా పౌరులను పెళ్లాడినా దీనికి మాఫీ లేదు. మినహాయింపు చాలా కొద్దిమందికే. క్రిమినల్ కేసులో కావాలనే చెప్పారని రుజువు చేయాలి. డిపోర్టేషన్ కేసులో మాత్రం ‘తెలియక చెప్పాను’ అన్నా చెల్లదని ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2019లో తేల్చింది.

స్టేటస్ విషయంలో అబద్ధం ఎంత దూరం తీసుకెళ్తుందో మనవాళ్లు అదే ఏడాది మిషిగన్‌లో చూశారు. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఇమ్మిగ్రేషన్ అధికారులే నడిపిన ఉత్తుత్తి సంస్థ. క్లాసులు లేకుండానే స్టూడెంట్ స్టేటస్ నిలబెట్టుకోవచ్చంటూ విద్యార్థులను చేర్పించిన 8 మంది రిక్రూటర్లపై క్రిమినల్ కేసులు పెట్టారు. విద్యార్థులపై పెట్టినవి సివిల్ ఇమ్మిగ్రేషన్ కేసులే. అయినా చాలామంది డిటెన్షన్‌కు వెళ్లారు, దేశం విడిచారు. వారిలో తెలుగు పిల్లలు ఎక్కువే.

డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులోనూ జాగ్రత్త. ‘ఓటరుగా నమోదు చేయమంటారా?’ అని అడిగితే, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, ‘వద్దు’ అనండి. పౌరసత్వానికి నింపే ఎన్-400 ఫారంలో ఎప్పుడైనా పౌరుడినని చెప్పుకున్నారా, ఓటరుగా నమోదయ్యారా అని సూటిగా అడుగుతారు. అక్కడ దాస్తే మరో నేరం.

పొరపాటు ఇప్పటికే జరిగిందా? ఏ ఫారం మీదా సంతకం చేయకముందే ఇమ్మిగ్రేషన్ లాయరును కలవండి. అధికారులు పట్టుకోకముందే, ఆలస్యం చేయకుండా, తానుగా సరిదిద్దుకున్నవారికి కొన్ని సందర్భాల్లో వెసులుబాటు ఉంది. ‘ఏం కాదులే, మేమూ అలాగే పెట్టాం’ అనే స్నేహితుల మాట మాత్రం నమ్మకండి. సంతకం మీది, దాని ఫలితమూ మీదే.