వైరా ఇళ్లలో రొట్టె: గటక రోజుల నుంచి సోడా రొట్టె దాకా

ఐర్లాండ్ వాళ్ల సోడా రొట్టెకు నాలుగే సరుకులు కావాలి: గోధుమ పిండి, పుల్లటి మజ్జిగ, తినేసోడా, ఉప్పు. ఈస్టు అక్కర్లేదు, పిండి నానబెట్టి పొంగేదాకా చూడనక్కర్లేదు. ఖమ్మం జిల్లా వైరా చుట్టుపక్కల జొన్నరొట్టెకు అన్ని కూడా అక్కర్లేదు. జొన్నపిండి, మరిగిన నీళ్లు చాలు. ఉప్పు వేసేవాళ్లు వేస్తారు, వేయనివాళ్లు వేయరు. ఈ రెండు రొట్టెలకూ చుట్టరికం లేదు. అయినా రెండూ ఒకే ఇబ్బందిలోంచి పుట్టాయి. ఆ నేలలో పండే గింజ పిండికి సాగే గుణం తక్కువ, ఈ నేలలో పండే గింజకు అసలే లేదు. ఇంటి రొట్టె చరిత్ర రాయాలంటే రాజుల వంటశాలల దగ్గర కాదు, ఈ ఇబ్బంది దగ్గర మొదలుపెట్టాలని నా నమ్మకం.

ఐర్లాండ్‌ది చలి, తేమ కలిసిన వాతావరణం. అక్కడ పండేది మెత్తరకం గోధుమ. అందులో గ్లూటెన్ తక్కువ కాబట్టి ఈస్టు వేసినా పిండి గాలిని పట్టి నిలపలేదు. 1791లో ఫ్రాన్స్‌లో లెబ్లాంక్ ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతి కనిపెట్టాక ఆ సరుకు మెల్లగా చవకైంది. 1830ల నాటికి ఐర్లాండ్ పల్లెలకు చేరింది. 1836లో లండన్ వ్యవసాయ పత్రిక ఒకటి, ఐర్లాండ్‌లోని డౌన్ కౌంటీ పత్రికను ఉటంకిస్తూ సోడా రొట్టె చేసే విధానాన్ని అచ్చువేసింది. వెన్న తీసే ఇళ్లు కాబట్టి మజ్జిగకు కొదవ లేదు. మజ్జిగలోని పులుపు సోడాతో కలవగానే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఆ బుడగలు ఆరిపోకముందే పిండిముద్దను పొయ్యికి ఎక్కించాలి. పొయ్యి అంటే ఓవెన్ కాదు. బాస్టిబుల్ అనే మూడుకాళ్ల ఇనప కుండను నిప్పుల మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేవాళ్లు. ఈ మూత మీది నిప్పుల సంగతి గుర్తుపెట్టుకోండి, మన వైపూ వస్తుంది.

ఇక జొన్న. దీని పుట్టిల్లు ఆఫ్రికాలో, సూడాన్ ప్రాంతం. మన దేశానికి వచ్చి ఇంచుమించు నాలుగువేల ఏళ్లయింది. దక్కన్ మెట్టనేలల్లో స్థిరపడి పేదల ప్రధాన ఆహారమైంది. సన్నబియ్యం అన్నానికి అలవాటుపడ్డ శ్రీనాథుడు పల్నాటి జొన్నకూటిని తలచుకుని నొచ్చుకున్నట్టు ఆయన పేరు మీద చాటువులున్నాయి. ఆ నొచ్చుకోలు కూటి మీద, రొట్టె మీద కాదు. తూర్పు తెలంగాణలో జొన్న ఎక్కువగా రవ్వ ఉడికించే గటకగా, అన్నంగా, అంబలిగానే కడుపులోకి వెళ్లింది. రోజూ రొట్టె తినే ఇళ్లు పడమర, నారాయణపేట, తాండూరు, జహీరాబాద్ వైపు ఎక్కువ.

దీనికి కారణం విసుర్రాయిలో కనిపిస్తుంది. గటకకు జొన్నలు రవ్వగా పగిలితే చాలు. రొట్టెకు మెత్తటి పిండి కావాలి, అంటే రాయి రెండింతలు తిప్పాలి. పొద్దంతా కూలికి పోయి వచ్చిన ఆడమనిషి దీపం పెట్టాక ఆ పని ఎలా చేస్తుంది? పైగా జొన్నపిండి నిల్వ ఉంటే జిగి పోతుంది, ఏ రోజు పిండి ఆ రోజు విసురుకోవాలి. ఊరూరా పిండిగిర్ని వచ్చాకే చాలా ఇళ్లకు రొట్టె అందుబాటైంది. వంటల చరిత్ర రాసేవాళ్లు గిర్నికి ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదనిపిస్తుంది.

ఈ వైపు రొట్టెను రోజువారీ తిండిగా గట్టిగా పట్టుకున్నది లంబాడీలు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని బిడారులుగా దేశమంతా తిరిగినవాళ్లు వాళ్లు. దారి పొడవునా కుండెడు గటక మోయడం అయ్యే పని కాదు. పిండి మూట, పెనం ఉంటే ఎక్కడ దిగితే అక్కడ మూడు రాళ్లు పెట్టి రొట్టె కాల్చుకోవచ్చు, మిగిలింది మర్నాటికి మూట కట్టుకోవచ్చు. రైళ్లు, రోడ్లు వచ్చాక బిడారులు ఆగాయి, తండాలు వెలిశాయి. ఏన్కూరు, కారేపల్లి, జూలూరుపాడు అడవి అంచు తండాల్లో రొట్టె మాత్రం ఆగలేదు. పండుమిర్చి కారమో, ఆకుకూరో పక్కన ఉంటే భోజనం అయిపోయినట్టే.

జొన్నరొట్టె చేయడం చూడ్డానికి తేలిక. పళ్లెంలో పిండి మధ్య గుంట చేసి, సలసల మరిగే నీళ్లు పోసి, గరిటెతో కలిపి, చెయ్యి పెట్టగలిగే వేడికి రాగానే అరచేతి మడమతో గట్టిగా మెదపాలి. జొన్నలో గ్లూటెన్ లేదు. వేడినీళ్లు తగలగానే పిండిపదార్థం కొంత ఉడికి జిగురెక్కుతుంది, రొట్టెను పట్టి ఉంచేది ఆ జిగురే. చల్లనీళ్లతో కలిపితే అంచులు పగుళ్లిస్తాయి. తర్వాత ముద్దను పొడిపిండిలో పెట్టి తట్టాలి. ఒక చెయ్యి తడుతుంటే ఇంకో చెయ్యి అంచును ఆపుతూ తిప్పుతుంది. తట్టే చప్పుడు సమంగా ఉంటే రొట్టె మందం సమంగా ఉన్నట్టు. పొడిపిండి ఉన్న వైపు పైకి వచ్చేలా పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన అద్దాలి. ఆ తడి ఆరీ ఆరకముందే తిరగెయ్యాలి. ఆలస్యమైతే రొట్టె బీటలిస్తుంది, తొందరపడితే పెనానికి అంటుకుంటుంది. చివర్లో నిప్పుల సెగకు ఆనిస్తే రొట్టె పొంగుతుంది. సోడా లేకుండా, ఈస్టు లేకుండా, లోపలి ఆవిరితోనే. చేతికి ఇంత తెలివి అలవడాలంటే ఏళ్లు పడుతుంది.

వైరాలో ఈ కథను మలుపు తిప్పింది నీళ్లు. మున్నేటిలో కలిసే వైరా నది మీద నిజాం కాలంలో కట్టిన జలాశయం 1930 నాటికి పూర్తయింది. దాని కింద దాదాపు 17 వేల ఎకరాల ఆయకట్టు తేలింది. మెట్ట జొన్న నేల మాగాణి అయింది. కృష్ణా జిల్లా వైపు నుంచి రైతు కుటుంబాలు వచ్చి భూములు కొని స్థిరపడ్డాయి, వాళ్లతో వరి సాగు నేర్పూ, వరి తిండీ వచ్చాయి. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలాక ఎడమ కాల్వ ఖమ్మం జిల్లాలో వరిని ఇంకా విస్తరించింది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడంతో మిగిలిన మెట్ట ఊళ్లలో కూడా గటక కుండ దిగిపోయింది. అన్నం తినడం పండగ నాటి మాటగా ఉన్న ఇళ్లలో రెండు పూటలా అన్నం ఉడకడం చిన్న విషయం కాదు. జొన్న పోయిందని బాధపడేవాళ్లు ఆ ఆనందాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. అడవి వైపు మెట్టలనేమో పత్తి, మిర్చి తీసుకున్నాయి. దేశం మొత్తం మీద 1960ల మొదట్లో కోటీ ఎనభై లక్షల హెక్టార్ల దాకా ఉన్న జొన్న సాగు ఇప్పుడు నలభై లక్షల హెక్టార్లకు అటూ ఇటూగా ఉంది.

బియ్యం వచ్చినా రొట్టె మీద మనసు పోలేదు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, కారం, కరివేపాకు కలిపి తపాలా అడుగున పలచగా అద్ది కాల్చే తపాలచెక్క ఈ వైపు ఇళ్ల ఇష్టమైన సాయంకాలపు తిండి. వరంగల్, కరీంనగర్ వాళ్లు సర్వపిండి అనేది దాదాపు ఇదే. కోస్తా నుంచి వచ్చిన ఇళ్లలో దిబ్బరొట్టె. రుబ్బిన మినప్పప్పులో బియ్యపు రవ్వ, జీలకర్ర కలిపి, మందపాటి గిన్నెలో నూనె వేసి, రెండంగుళాల మందాన పిండి పోసి, సన్నటి సెగ మీద ఉంచి, మూత మీద నిప్పులు పరిచేవాళ్లు. పైనా కిందా ఎర్రటి చెక్కు, లోపల మెత్తన. ఐర్లాండ్ బాస్టిబుల్ చేసిన పని ఇక్కడ ఇత్తడి గిన్నె చేసింది. ఓవెన్ లేని ఇళ్లలో మందపాటి రొట్టె లోపలిదాకా కాలాలంటే రెండు వైపుల నుంచీ వేడి అందాలి. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోకుండానే రెండు దేశాల ఆడవాళ్లు ఆ లెక్కకు వచ్చారు. గ్యాసు పొయ్యి వచ్చాక మూత మీద నిప్పులు పోయాయి. ఇప్పుడు దిబ్బరొట్టెను తిరగేసి కాలుస్తున్నారు. తినగలిగేలా ఉంటుంది కానీ ఆ పైచెక్కు రాదు.

తినేసోడా మన వంటింటికి ఆలస్యంగానే వచ్చింది. గుజరాత్‌లోని మిఠాపూర్‌లో టాటా కెమికల్స్ 1939లో మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాల్లో సోడా పొట్లం మారుమూల కిరాణా కొట్టుకూ చేరింది. అయితే మనవాళ్లు దాన్ని వేసింది రొట్టెలో కాదు, మిరపకాయ బజ్జీ పిండిలో. రొట్టె పొంగడానికి మనకు ఆవిరి ఉంది, పులియబెట్టిన పిండి ఉంది. సోడా అవసరం పడలేదు. మైదా బ్రెడ్డు బేకరీ నుంచి వచ్చింది, అదీ మొదట్లో జ్వరం పడ్డవాళ్ల కోసం, పాలలో ముంచి తినిపించడానికి.

తెలుగువాళ్లకు ఐర్లాండ్ మరీ కొత్త కాదు. బరంపురంలో పుట్టి, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివారు, అక్కడి స్వాతంత్ర్య పోరాట ప్రభావంలోకి వెళ్లి చివరికి ఆ దేశం వదిలి రావలసివచ్చింది. ఇప్పుడు ఉద్యోగాలకు, చదువులకు వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో. కానీ సోడా రొట్టె చాలా తెలుగు ఇళ్లకు తెలిసింది 2020 లాక్‌డౌన్‌లో. బేకరీలు మూతపడ్డాయి, ఈస్టు దొరకలేదు. మజ్జిగ, సోడా ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి.

మరోవైపు జొన్నరొట్టె వెనక్కి వచ్చింది, వేరే దారిన. షుగరు జబ్బు ఇంటింటికీ పాకాక రాత్రిపూట అన్నం మానేసినవాళ్ల కోసం ఖమ్మం, వైరా లాంటి ఊళ్లలో రోడ్డు పక్కన సాయంత్రం పొయ్యిలు వెలుగుతున్నాయి. రొట్టెలు చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఇంట్లో ఎవరూ లెక్కచేయని చేతిపని వాళ్లకు జీవనాధారమై నిలబడింది. నాకు దిగులు కలిగించేది ఒకటే. కొనుక్కుని తినే ఇళ్లలో తట్టడం తెలిసిన చెయ్యి మిగలడం లేదు. ఖమ్మం మెట్టల్లో వానాకాలం పండే పచ్చజొన్న కూడా తగ్గిపోయింది. రొట్టెకు పేరున్న తెల్లజొన్న మాల్దండి, షోలాపూర్, బీజాపూర్ వైపు యాసంగి పంట. పచ్చజొన్న రొట్టె లేత పసుపు రంగులో, కమ్మటి వాసనతో ఉంటుంది. ఆ గింజను ఈ నేల మీదే నిలబెట్టుకోవాలి.

అందుకే సోడా రొట్టె చేసుకునేవాళ్లకు ఒక మాట. నాలుగో వంతు పచ్చజొన్న పిండి కలపండి. ఈ రొట్టె గ్లూటెన్ మీద అంతగా ఆధారపడదు కాబట్టి జొన్న కలిసినా నిలుస్తుంది. మొత్తం పిండి 450 గ్రాములు, అందులో చదునుగా ఒక టీస్పూను సోడా, ఒక టీస్పూను ఉప్పు, చిక్కటి పుల్లమజ్జిగ 400 మిల్లీలీటర్ల దాకా. మన గిర్ని గోధుమ పిండి నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, ముద్ద చేతికి అంటుకునేంత మెత్తగా ఉండాలి. సోడా ఉండలు లేకుండా జల్లించాలి, ఎక్కువైతే సబ్బు వాసన వస్తుంది. పిసకొద్దు, కలిస్తే చాలు. గుండ్రంగా చేసి, పైన కత్తితో లోతుగా అడ్డంగా నిలువుగా గాట్లు పెడితే మధ్యలోకి వేడి దిగుతుంది. ఓవెన్ ఉంటే 230 డిగ్రీల మీద పావుగంట, 200 మీద అరగంట. లేకపోతే విజిలూ రబ్బరూ తీసేసిన కుక్కర్లో, అడుగున ఇసుక పోసి బాగా కాగాక గిన్నె దించి, ముప్పావుగంటకు పైగా ఉంచాలి. అడుగున వేలితో తడితే డొల్ల చప్పుడు రావాలి. వేడి తగ్గాక కోసి, వెన్నతోనో కొరివికారంతోనో ఆ రోజే తినాలి. మర్నాటికి గట్టిపడితే ముక్కలు చేసి పెనం మీద నేతితో కాల్చుకోవచ్చు.