వేలికొన అక్షరం: వీధిబడి ఇసుక, మాంటిస్సోరి గరుకు కాగితం

మేరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్ నగరంలోని శాన్ లొరెంజో పేటలో తొలి ‘బాలల గృహం’ ప్రారంభించారు. అక్కడి పిల్లలు గరుకు కాగితపు అక్షరాలపై వేలు నడుపుతూ, వాటి ధ్వనిని పలుకుతూ రాత నేర్చారు. ఈ పద్ధతి మన వీధిబడిలో అంతకు ముందే ఉన్నదనిపించడం సహజం. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో సమర్పించిన నివేదిక ఇందుకు ముఖ్యాధారం. ఆ జిల్లాలోని 533 పాఠశాలల్లో 226 తెలుగువి. బాలుడు అక్షరాలను వల్లించి కాక, ఇసుకలో వేలితో రాసి నేర్చుకొనేవాడని ఆయన నమోదు చేశారు. చేయి కుదిరిన తరువాతే తాటాకు, గంటం. ఇంతవరకు పోలిక సరియైనదే.

అయితే అదే నివేదిక మరొక దృశ్యాన్నీ చూపుతుంది. బడికి మొదట వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండవవానికి సున్న, మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన ఒక్కొక్కటి అదనం. దేశీయ విద్యలోని పొదుపును క్యాంప్‌బెల్ మెచ్చుకున్నారు కనుక, దీనిని వలసపాలకుని నిందగా మాత్రమే తోసిపుచ్చలేము.

మాంటిస్సోరి తరగతిలో బహుమానమూ లేదు, దండనా లేదు. ఏ పరికరం తీసుకోవాలో, ఎంతసేపు పనిచేయాలో శిశువే నిర్ణయించుకుంటాడు. కొయ్యదిమ్మెలోని ఒక స్థూపాన్ని తప్పు గుంటలో ఉంచితే చివరికి ఒకటి ఇమడక మిగులుతుంది. పొరపాటును పరికరమే తెలుపుతుంది.

కనుక స్పర్శ ఉభయసామాన్యం, నిర్ణయాధికారం కాదు. పిల్లల చేతికి వస్తువులిచ్చి, ఎంపికను మాత్రం ఉపాధ్యాయుని వద్దే ఉంచుకొనే నేటి తరగతి వీధిబడికే సన్నిహితమని గుర్తించాలి.