కాగు కొలత

తాళం వేసి లేదు. నాకు ముందు కంటబడింది అదే.

స్కాట్లండ్‌లో స్పే నది ఒడ్డున, ఒకప్పుడు పశువుల కొట్టంగా ఉన్న రాతికట్టడం. అందులో ఇద్దరన్నదమ్ములు చిన్న విస్కీ బట్టీ పెట్టుకున్నారు. పేర్లెందుకులెండి. అబర్డీన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అల్లుడు తీసుకెళ్ళి చూపించాడు. రెండు రాగి కాగులు, వాటి పక్కన నడుమెత్తున ఇత్తడి చట్రంలో బిగించిన అద్దాల పెట్టె. పెట్టెలో ఓ గొట్టం, దాని మూతి నుంచి సన్నగా, తెల్లగా పడుతున్న ధార. పెట్టె మూతకు అరచేతంత ఇత్తడి తాళంకప్ప నోరు తెరుచుకుని వేలాడుతోంది.

"తాళం వెయ్యరేం?" అన్నాను.

అన్నగారు నవ్వాడు. ఆయన యాస నాకు సగమే అందింది, మిగతా సగం అల్లుడు అందించాడు. ఆ తాళం చూడవచ్చినవాళ్ళ కోసమట. అసలైన తాళం కాలం 1983తోనే పోయిందట. అప్పటిదాకా ప్రతి విస్కీ బట్టీలోనూ ఎక్సైజు ఆఫీసరు కాపురమున్నట్టే ఉండేవాడు, ఆ పెట్టె తాళంచెవి ఆయన జేబులో ఉండేది.

నేను అబ్కారీ శాఖలో ఎస్సైగా చేరింది సరిగ్గా 1983లోనే. అక్కడ వాళ్ళు వదిలేసిన తాళంచెవిని ఇక్కడ నేనందుకున్నానన్నమాట. ముప్ఫైరెండేళ్ళ సర్వీసులో నాలుగేళ్ళు ఓ డిస్టిలరీకి ఆఫీసరుగా చేశాను. సరుకు గదికి రెండు తాళాలు: యజమానిదొకటి, సర్కారుదొకటి. పొద్దున్నే నేను వెళ్ళి తీస్తే తప్ప చుక్క కదలదు. బల్ల మీద చెక్కపెట్టెలో సైక్స్ హైడ్రోమీటర్ ఉండేది. చిన్న ఇత్తడి బుడ్డ, దానికి తగిలించే బరువులు. 1816లో ఇంగ్లీషు ప్రభుత్వం ఖాయం చేసిన కొలత అది. మన సీసాల మీద ఇవాళ్టికీ 42.8 శాతం అని అచ్చేస్తారు కదా, ఆ వంకర లెక్క ఎక్కడిదనుకున్నారు? సైక్స్ లెక్కలో 75 డిగ్రీల ప్రూఫు. తెల్లవాడు పోయినా ఆ అంకె పోలేదు.

అందుకని ఆ పెట్టె ముందు నిలబడితే నాకు పరాయి ఊళ్ళో ఉన్నట్టనిపించలేదు. తిరిగొచ్చాక వాళ్ళ అబ్కారీ చరిత్ర వెదికి వెదికి చదివాను. విస్కీ రుచి గురించి నీళ్ళనీ గాలినీ పొగిడే పుస్తకాలు బోలెడున్నాయి. మా శాఖవాళ్ళకొచ్చే అనుమానం వేరు. ఆ రుచిని మా శాఖే తయారుచేసింది.

పాత లెక్కల్లో దీని పేరు తొలిసారి కనబడేది 1494-95లో. జాన్ కోర్ అనే సన్యాసికి 'జీవజలం' కాచడానికి ఎనిమిది బోళ్ళ మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, ఇప్పించినట్టు రాజుగారి ఖాతాలో రాశారు. చూడండి, మొదటి సాక్ష్యం కూడా కచేరీ పద్దే! స్కాట్లండ్ పార్లమెంటు 1644లో దాని మీద పన్ను వేసింది. ఇంగ్లండుతో కలిసిపోయాక 1725లో మాల్టు మీద పన్ను పడితే గ్లాస్గోలో జనం వీధుల్లోకొచ్చి గొడవచేశారు. ఇంతవరకూ మామూలే. సర్కారన్నాక పన్నేస్తుంది, జనమన్నాక తిడతారు.

అసలు కథ కాగు కొలత దగ్గర మొదలవుతుంది.

1784లో లండన్ దొరలు స్కాట్లండుకి అడ్డంగా ఓ గీత గీశారు. పైది కొండసీమ, కిందది పల్లపుసీమ. రెంటికీ రెండు పన్నులు. మరో రెండేళ్ళకి పల్లపుసీమలో కాచిన సారాని కొలవడం మానేసి కాగుని కొలవడం మొదలుపెట్టారు. ఇన్ని గ్యాలన్ల కాగుకి ఏడాదికి ఇంత. వారానికి ఎన్నిసార్లు కాచగలరో ముందే లెక్కగట్టి రేటు పెట్టారు. మా శాఖలో ఇలాంటి తెలివైన ఉత్తర్వులు నేనూ చాలా చూశాను. గదిలో కూర్చున్న అధికారి ఓ లెక్క వేస్తాడు, బట్టీ దగ్గర కూర్చున్నవాడు దానికి రెండు లెక్కలు వేస్తాడు. పల్లపుసీమవాళ్ళేం చేశారంటే, కాగుని లోతు తగ్గించి పెనంలా వెడల్పు చేశారు. ఊట పోయడం, భగ్గున మంట పెట్టడం, కొద్ది నిమిషాల్లో దించెయ్యడం. రోజుకి ఎన్ని వాయిలైతే అంత లాభం. సర్కారు రేటు పెంచింది, వాళ్ళు ఇంకా తొందరపడ్డారు. ఆ సరుకు మాడు వాసనతో గొంతు కోసేదిట.

కొండమీద కథ వేరు. అక్కడివాడు లైసెన్సు కట్టలేదు కాబట్టి తొందరపడనక్కర్లేదు. వాగు పక్కన, గుహలో, చిన్న రాగి కాగు పెట్టుకుని, పీటు మట్టిగడ్డల పొగలో ఆరిన బార్లీతో తీరుబడిగా కాచాడు. దొంగ సరుకు దొర సరుకు కంటే బావుంది! 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు గ్లెన్లివెట్ విస్కీ తప్ప వేరేది పుచ్చుకోనన్నాడట. ఆ లోయలో ఆనాటికి ఒక్క లైసెన్సు లేదు. రాజుగారు తన పన్ను ఎగ్గొట్టిన సరుకే అడిగి తాగారన్నమాట.

మరి కొండవాడు లైసెన్సు ఎందుకు తీసుకోలేదు? తీసుకోనిస్తే కదా. 1814లో వచ్చిన చట్టం ప్రకారం కొండసీమలో 500 గ్యాలన్ల కంటే చిన్న కాగు పెట్టకూడదు. అంత కాగుని మేపాలంటే చుట్టుపక్కల పండే బార్లీ అంతా పోసినా చాలదని అప్పుడే మొత్తుకున్నారు. చిన్నవాడికి దారి మూసేసి, గోడ దూకాడని కేసు పెట్టడం. రెండేళ్ళకి బుద్ధొచ్చి 40 గ్యాలన్లకి దించారు.

దొంగబట్టీ పట్టించినవాడికి ఐదు పౌన్ల బహుమానం ఉండేది. రాగిగొట్టం పాతబడి చిల్లులు పడితే బట్టీవాడే దాన్ని కొండమీద వదిలేసి, 'ఫలానాచోట బట్టీ ఉంది' అని తనే చెప్పి, బహుమానం పుచ్చుకుని, ఆ డబ్బుతో కొత్త గొట్టం కొనుక్కునేవాడట. ఇది చదివి ఒక్కణ్ణే పగలబడి నవ్వాను. నేను సర్కిల్లో ఉండగా ఓ లంకలో, ఆకాశరామన్న కబురు మీద వెళ్ళి, అంచు పగిలిన కుండలూ అడుగూడిన డ్రమ్మూ పట్టుకుని, ఇసకలో ఇరవై బిందెల బెల్లం ఊట పారబోయించి, పంచనామా రాసి, విజయగర్వంతో తిరిగొచ్చాను. అదే రాత్రి లంక రెండో కొసన కొత్త కుండల్లో పని జరిగిందని వారం తర్వాత తెలిసింది. కబురు పంపిందెవరో మీకు చెప్పక్కర్లేదు.

అప్పట్లో వాళ్ళ అబ్కారీవాణ్ణి 'గేజర్' అనేవారు, కొలిచేవాడని. రాబర్ట్ బర్న్స్ కవి 1789 నుంచి ఆ ఉద్యోగమే చేశాడు, ఏడాదికి యాభై పౌన్ల జీతం మీద, గుర్రమెక్కి వారానికి రెండువందల మైళ్ళు తిరిగాడు. మాల్కం గిలెస్పీ అని ఇంకొకాయన, దొంగబట్టీలవాళ్ళతో కొట్లాడి ఒంటిమీద 42 గాయాలు మోశాడు. అప్పుల్లో మునిగి దొంగ హుండీలు రాసి దొరికిపోతే, 1827లో అబర్డీన్‌లో ఉరితీశారు. మా అమ్మాయి వాళ్ళుండే ఊళ్ళోనే. ఐర్లండులో ఈనియస్ కాఫీ సంగతి మరీ వింత. 1810లో పల్లెల మీద దాడికెళ్తే జనం తల పగలగొట్టి బాయినెట్లతో పొడిచారు. బతికి బట్టకట్టి, పైకెదిగి, ఉద్యోగం మానేసి, 1830లో ఆపకుండా కాచే నిలువు స్తంభం యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నాడు. కాగులో వాయి తరవాత వాయి పోసే పనే లేదు, ఊట ఓపక్క పోస్తూంటే సారా ఇంకోపక్క వస్తూనే ఉంటుంది. పెద్ద కంపెనీల యుగం దాంతోనే మొదలు. దొంగబట్టీలవాళ్ళు ఆనాడు అతణ్ణి ఎందుకు చంపలేదా అని చిన్న బట్టీలవాళ్ళు తరవాత అనుకునే ఉంటారు.

1823లో చట్టం మళ్ళీ మారింది. 40 గ్యాలన్ల కాగు చాలు, ఏడాదికి పది పౌన్ల లైసెన్సు, గ్యాలనుకి సగానికి పైగా తగ్గించిన పన్ను. మరుసటేడే గ్లెన్లివెట్‌లో జార్జ్ స్మిత్ అనే రైతు లైసెన్సు తీసుకున్నాడు. చుట్టూ ఉన్న దొంగబట్టీలవాళ్ళు వాణ్ణి ద్రోహి కింద జమకట్టి బట్టీ తగలబెడతామన్నారు. అబర్లౌర్ భూస్వామి ఇచ్చిన రెండు పిస్తోళ్ళు మొలలో దోపుకుని కొన్నేళ్ళపాటు కాపలా కాశాడు. ఆ 1824లోనే కార్డూ బట్టీకీ లైసెన్సొచ్చింది. ఆ ఇంటి ఇల్లాలు హెలెన్ కమింగ్ అంతకుముందు గేజర్లు వస్తే బట్టీ సామాను దాచేసి, రొట్టెల పిండి ముందేసుకుని, వాళ్ళకే భోజనం వడ్డించి, వెనక కొట్టం మీద ఎర్రజెండా ఎగరేసి ఇరుగుపొరుగుని హెచ్చరించేదిట.

ఆ అద్దాల పెట్టె కూడా ఆ రోజుల్లో వచ్చిందే. రెండోసారి కాచినప్పుడు మొదట వచ్చే ధార ఘాటు, తాగరానిది. నడిమిది మంచిది. చివరిది నీళ్ళనీళ్ళగా, చెడు వాసనగా ఉంటుంది. మొదటిదీ చివరిదీ తీసి మళ్ళీ కాగులో పోస్తారు. ఎప్పుడు మలపాలన్నదే విద్య. కాని పెట్టెకి తాళముంది, చుక్క నాలిక మీద వేసుకోవడానికి లేదు. అందుకని కళ్ళతోనే నేర్చారు. తమ్ముడు చేసి చూపించాడు. బయట పిడి తిప్పితే ధార గాజుపాత్రలో పడింది, దానికి నీళ్ళు కలిపాడు, తెల్లగా బియ్యం కడుగులా మసకేసింది. ఆగాడు. ఇంకోసారి కలిపాడు, పలచబడింది. మూడోసారి తేటగా ఉండిపోయింది. టక్కున ఇంకో పిడి తిప్పాడు. తాళం తీసే ఉన్నా చెయ్యి లోపల పెట్టలేదు. నేర్పినవాళ్ళు అలా నేర్పారట.

వీళ్ళ పెద్ద కాగు వెయ్యి లీటర్లు. నేను సర్వీసులో చేరిన రోజుల్లో అయితే లైసెన్సు గగనమే. 1979 చట్టం ప్రకారం 18 హెక్టోలీటర్ల లోపు కాగుకి లైసెన్సు నిరాకరించే వీలుండేది. పాత లెక్కలో అది 400 గ్యాలన్లు. 1814 నాటి బుద్ధి మళ్ళీ తిరిగొచ్చింది. 2009లో లండన్‌లో సిప్‌స్మిత్ అనే జిన్ను బట్టీవాళ్ళు పట్టుబట్టి చిన్న కాగుకి లైసెన్సు తెచ్చుకున్నారు. స్కాట్లండ్‌లో 2013లో స్ట్రాత్‌ఎర్న్ బట్టీ అలాగే చిన్న కాగులతో విస్కీ మొదలుపెట్టింది. ఈ అన్నదమ్ముల్లాంటివాళ్ళంతా ఆ తరవాతివాళ్ళు. ఓక్ పీపాలో మూడేళ్ళు ఉంటేగాని స్కాచ్ విస్కీ అనకూడదు. ఆ మూడేళ్ళూ జిన్ను అమ్ముకుని కాలం గడపాలి. అన్న వారం రోజుల శిక్షణకి వెళ్ళాడు, తమ్ముడు పైపుల పనివాడు. వాళ్ళు కొనుక్కున్న విద్య అంతే.

అలాగని మన నాటుసారాకి లైసెన్సులిమ్మని నేననను. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచిన రోజుల్లో నేను నెల్లూరు జిల్లాలోనే ఉన్నాను. మరుసటేడాది అక్టోబరు 1న సారా నిషేధించినప్పుడు వాళ్ళ మొహాలు చూశాను. ఆ లెక్క వేరు.

కాని కాగు కొలత ఎవరు పెట్టారు, ఎవరి కోసం పెట్టారు అని అడిగే అలవాటు మాత్రం మాకు నేర్పలేదు. స్కాట్లండ్ గేజర్ల దగ్గర తుపాకులున్నాయి, కత్తులున్నాయి, గాయాలున్నాయి. వాళ్ళ రిజిస్టర్లో దొంగబట్టీల కేసులు 1823లో 14,000. పది పౌన్ల లైసెన్సు వచ్చాక, 1834లో 692. 1874లో ఆరు.