పొలిమేర పట్టణము – మన అద్దంకి

ఈ శతాబ్ది సంచికలో సంఘముల చరిత్రతోపాటు మన ఊరి చరిత్రను కూడ కొంత తలంచుకొనుట యుక్తమని మేము భావించితిమి.

నల్లమల కొండలలో పుట్టి, కంభము చెరువును నింపి, తూర్పు సముద్రమున కలియు గుండ్లకమ్మ ఒడ్డున అద్దంకి ఉన్నది. చుట్టును ప్రత్తి, మిరప, పొగాకు పండు చేలు. నార్కెట్‌పల్లి నుండి మేదరమెట్లకు పోవు రహదారి ఈ ఊరిమీదుగనే పోవును.

ఇది మొదటినుండియు పొలిమేర పట్టణమే. తూర్పు చాళుక్యరాజు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు సుమారు క్రీ.శ. 848లో వేయించిన శాసనము ఇచ్చట దొరికినది. అతడు పన్నెండు బోయ కొట్టములను జయించి, కందుకూరును బెజవాడ వంటి పట్టణముగా చేసెనని అందులో ఉన్నది. నన్నయకు సుమారు రెండువందల ఏండ్ల ముందటి ఆ తరువోజ పద్యము తెలుగువారికి పెన్నిధి. అయితే అది గెలిచినవారి మాట. ఓడిన బోయల మాట అందులో లేదు.

సుమారు 1325లో ప్రోలయ వేమారెడ్డి అద్దంకిని రాజధానిగా చేసికొనెను. ఎఱ్ఱాప్రగడ తన హరివంశమును ఆయనకే అంకితమిచ్చెను. కుమారుడు అనవోతారెడ్డి కాలమున రాజధాని కొండవీటికి తరలినది. 1970లో మన ఊరు గుంటూరు జిల్లానుండి వేరై ఒంగోలు జిల్లాలో చేరినది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము అను పేరు వచ్చినది. 2022లో మన ఊరు బాపట్ల జిల్లాలో చేర్చబడినది. గీతలు మారినవి గాని ఊరు కదలలేదు.

కాని ఊరిలోపల మరియొక గీత ఉండెడిది. మాల మాదిగ పల్లెలవారు ఊరి బావికి, గుడికి పోరాదు. 1876-78 కరువు ఆ యిండ్లను మరింత క్రూరముగా తాకినది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టుకు తీసికొని వారికి కూలి కల్పించిరి. అన్నము కొరకు విశ్వసించిరను మాట రాకుండునట్లు ఆ దినములలో బాప్తిస్మములు ఆపిరి. తుదకు 1878 జూలై 3న ఇదే గుండ్లకమ్మలో, వెల్లంపల్లి వద్ద, ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

రాజులు తమ పేర్లను రాతిమీద చెక్కించుకొనిరి. ఊరి అంచున బ్రతికిన మన పెద్దల పేర్లు సంఘపు పుస్తకములలోను, పాత బైబిళ్ల మొదటి పుటలలోను ఉన్నవి. అట్టివి మీ యిండ్లలో ఉన్నయెడల చెదలు పట్టకమునుపే సంఘ పెద్దలకు చూపించి, నకలు వ్రాయించుడని మనవి. మన ఊరి శాసనములు అవియు నే గదా!