కాయకము – దాసోహము

మతవిశ్వాసమునకును ధనాభివృద్ధికిని గల సంబంధమును విచారించినవారిలో జర్మను పండితుఁడగు మాక్సు వెబరు ప్రసిద్ధుఁడు. కాల్విను మతస్థులు తమ వృత్తిని దైవనియోగముగాఁ దలఁచి, భోగమును వర్జించి, మిగిలిన ధనమును మరల వ్యాపారముననే పెట్టిరనియు, నవీన ధనవ్యవస్థకుఁ గావలసిన మనోవృత్తి యందువలనఁ బెరిగెననియు నాతఁడు 1904-05 సంవత్సరములలోఁ బ్రతిపాదించెను. హిందూమతమును గూర్చి 1916-17 లలో వ్రాయుచు, వృత్తిమార్పును దోషముగా నెంచు వర్ణాచారమునుండి యార్థిక విప్లవము పుట్టనేరదనెను. దీనికిఁ బ్రత్యుదాహరణముగా వీరశైవుల కాయకసిద్ధాంతమును జూపుట కలదు. అది యెంతవఱకు సరియో పరిశీలింతము.

కాయము శరీరము. దానిచేఁ జేయఁబడునది సంస్కృతమునఁ గాయికము. కన్నడ శరణుల నోట నది కాయకమై, శివార్పితమగు జీవనవృత్తి యను నర్థమున రూఢమైనది. ఆ రూపమును దిద్దఁబూనుట మావంటి వైయాకరణులకుఁ దగదు. చేతిపనివారే దానికి బ్రతుకు నిచ్చిరి. 12వ శతాబ్ది నడుమ, కలచుర్య బిజ్జలుని కల్యాణమున బసవేశ్వరుఁడు భండారియై యున్న కాలమున, బట్టలుదుకు మాచయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, కట్టెలమ్ము మోళిగెయ మారయ్య శరణులలోఁ బూజ్యులైరి. చేతిపని హీనమను తలంపునకు నింతకంటె గట్టి ఖండన మేమి కావలెను?

అయినను కాయకమునకు జోడుగా దాసోహము కలదు. 'దాసః', 'అహమ్' అను పదముల సంధివలన నేర్పడిన యీ మాటకు, తన యార్జనమును జంగమసేవకు వెచ్చించుట యని సంప్రదాయార్థము. అయిదక్కి మారయ్య రాలిన బియ్యము నేఱి తెచ్చి జంగముల కన్నము పెట్టెడివాఁడు. ఒకనాఁడు వాడుకకంటె నెక్కువ తేఁగా, భార్య లక్కమ్మ యది యాసయని మందలించి, యధికమును మరలఁ బోసి రమ్మనెనని కథ. ఈ కథను జరిగిన సంగతికి సాక్ష్యముగాఁ గొనరాదు. ఆ సంఘము దేనిని ఆదర్శముగా నెంచెనో తెలియుటకు మాత్ర మిది చాలును. పాల్కురికి సోమనాథుని బసవపురాణమునను మడివాలు మాచయ్య భక్తుల వస్త్రములనే యుదుకును. అచట నా పనికి విలువ కట్టునది భక్తియే కాని సంతవెల గాదు.

కాల్వినీయ వర్తకుఁడు మిగులును మూలధనముగాఁ జేసెను. లక్కమ్మ మిగులునే యింటికి రానీయలేదు. పనిని గౌరవించుటయందు నిరువురు నొక్కటియే. ఫలమును వినియోగించుటయందు భిన్నులు. కావున మతము శ్రమను మెచ్చెనా యని యడిగిన మాత్రమునఁ జాలదు. శ్రమఫల మెవరికిఁ జేరవలెనని విధించెనో యదియు నడుగవలెను. ఈ రెండవ ప్రశ్నను విడిచి కాయకమును వెబరునకుఁ బ్రత్యుత్తరముగాఁ జూపుట యుపపన్నము కాదు. మూలధనము కూడకపోవుట యా సిద్ధాంతమునకుఁ గొఱఁత యనుటయుఁ దగదు. ఆఁకొన్నవాఁడు వాకిట నుండఁగా నింట నిలువ యేల యని శరణు లడిగిరి. ధనశాస్త్ర మా ప్రశ్నకు నేఁటికిని సమాధానము చెప్పవలసియే యున్నది.