బోస్నియా: యుద్ధం మార్చివేసిన జనాభా స్వరూపం

1991 జనాభా లెక్కల ప్రకారం బోస్నియా-హెర్జెగొవీనా ప్రజలు సుమారు 44 లక్షలు. వారిలో ముస్లిములు 43.5 శాతం, సెర్బులు 31.2 శాతం, క్రొయాట్లు 17.4 శాతం. అక్కడ ‘ముస్లిం’ అన్నది మతానికే గాక, యుగోస్లావియా గుర్తించిన ఒక జాతికి కూడా పేరు. 1993 నుండి ఆ జాతికి ‘బోస్నియాక్’ అన్న పేరు స్థిరపడింది. మూడు జాతులవారు అనేక పట్టణాలలో ఇరుగుపొరుగుగా కాపురముండేవారు. గీత గీసి పంచుకోవడానికి వీలైన దేశం కాదది.

జనం చెదిరిపోవడం యుద్ధానికి పర్యవసానమని సాధారణంగా భావిస్తాము. 1992లో మొదలైన ఈ యుద్ధంలో మాత్రం అదే ఒక లక్ష్యం. ప్రియెదోర్, ఫోచా, విషెగ్రాద్ ప్రాంతాలలో సెర్బు సైన్యాలు ముస్లిములను చంపాయి, శిబిరాలలో బంధించాయి, వెళ్ళగొట్టాయి. ఫోచాలో 16వ శతాబ్దపు అలాజా మసీదును పేల్చివేశారు; ఊరి పేరునే ‘సర్బినియె’గా మార్చారు. 1995 జూలైలో స్రెబ్రెనిత్సాలో దాదాపు 8 వేలమంది పురుషులను, బాలురను వధించారు. 1993లో క్రొయాట్లు, బోస్నియాక్‌లు కూడా పరస్పరం తలపడగా ఇరువైపులా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 1996 ప్రారంభంలో సరాయెవో శివార్లను వదలిన సెర్బులలో కొందరు సమాధులు త్రవ్వి తమవారి అస్థికలను సైతం వెంట తీసుకుపోయారు. అంటే తిరిగి వచ్చే ఆశ వదులుకున్నారన్నమాట.

1995 డేటన్ ఒప్పందం దేశాన్ని 51, 49 శాతాల చొప్పున రెండు విభాగాలు చేసింది. అదే ఒప్పందం, తన 7వ అనుబంధంలో, కాందిశీకులకు స్వగృహాలకు తిరిగి వచ్చే హక్కునూ ఇచ్చింది. చెదిరిన 22 లక్షలమందిలో సుమారు 10 లక్షలమంది 2004 నాటికి తిరిగి వచ్చినట్లు నమోదైంది. ఆక్రమణకు గురైన ఇళ్ళలో అత్యధిక భాగం హక్కుదారుల చేతికి వచ్చాయి. అయితే ఇల్లు దక్కినంత మాత్రాన ఊరు దక్కదు. ఉద్యోగం, పోలీసు రక్షణ, పిల్లలకు బడి అన్నీ అవతలి జాతివారి చేతిలో ఉన్నప్పుడు చాలామంది ఆ ఇళ్ళను అమ్ముకుని తమవారు అధికంగా ఉన్నచోటికే తరలిపోయారు.

2013 జనాభా లెక్కలలో ఒక విచిత్రం కనిపిస్తుంది. దేశం మొత్తంమీద సెర్బుల వాటా 30.8 శాతం; 1991తో పోలిస్తే దాదాపు మార్పు లేదు. కాని వారు సెర్బు రిపబ్లిక్‌లో 81 శాతానికి పైగా ఉండగా, రెండవ విభాగమైన ఫెడరేషన్‌లో సుమారు 2.5 శాతమే. ఫెడరేషన్‌లో 70 శాతమున్న బోస్నియాక్‌లు సెర్బు రిపబ్లిక్‌లో 14 శాతమే. యుద్ధానికి ముందు సగానికి పైగా ముస్లిములున్న ఫోచాలో వారు పదోవంతు కూడా మిగలలేదు.

అలాజా మసీదును పునర్నిర్మించి 2019లో తెరిచారు. ఇది సంతోషించదగిన విషయమే. అయితే మసీదు చుట్టూ మహల్లా లేకపోతే సఫ్‌లు నిండవు. వలసపోయినవారు తిరిగి రావడానికి హక్కుపత్రంతో పాటు బడి, బ్రతుకుతెరువు, భద్రత సమకూర్చనంత కాలం యుద్ధం గీసిన గీతలను శాంతి ఒప్పందాలు చెరపలేవు.